మిగిలిన రూపాయి ఎవరి చేతిలో?

‘ఆఫర్ అంటే చాలు, మన ఆడవాళ్లు ఎగబడిపోతారు.’

ఈ మాట ఏ టీవీ యాంకరో, ఏ మగ కార్టూనిస్టో అని ఉంటే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. వాళ్లు అంటూనే ఉంటారు. అన్నది నేను గౌరవించే ఒక సీనియర్ అధ్యాపకురాలు. వినియోగ సంస్కృతి మీద ఈ మధ్య జరిగిన ఒక సదస్సులో అన్నారు. తన మాటకు రుజువుగా ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం ముక్క కూడా తెర మీద చూపించారు. దాని పేరు ‘ఎక్స్‌ట్రీమ్ కూపనింగ్’. టీఎల్‌సీ చానల్ 2010 డిసెంబరులో ఒక ప్రత్యేక కార్యక్రమంగా వేసి, జనం బాగా చూశారని 2011 నుంచి ధారావాహికగా నడిపింది. ఒక గృహిణి లావుపాటి ఫైలు నిండా, పేపర్లలోంచి కత్తిరించిన కూపన్లు సర్దుకుని సూపర్ మార్కెట్‌కు వస్తుంది. బండ్లకు బండ్లు సరుకు నింపుతుంది. కౌంటర్లో బిల్లు వందల డాలర్లు దాటుతుంది. అప్పుడు ఒక్కో కూపనూ గీస్తుంటే ఆ అంకె పడిపోతూ, పడిపోతూ చివరికి చిల్లర దగ్గర ఆగుతుంది. క్యూలో ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. తర్వాత కెమెరా ఆమె ఇంటికి వెళుతుంది. గరాజు నిండా అల్మరాలు, మంచాల కింద కూడా టూత్‌పేస్టులు, ఆవాల సాస్ సీసాలు, ఇంకో పదేళ్లకు సరిపోయే సబ్బులు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇది ముందే ఒప్పుకోవాలి.

ఆమె అక్కడితో ఆగలేదు. ‘మన అమ్మలు ఇలా లేరు. ఎండాకాలం చింతపండు చవగ్గా ఉన్నప్పుడు ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఉప్పేసి, కుండకెత్తేవాళ్లు. అది వివేకమైన పొదుపు. ఇది ఉన్మాదం’ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి నా చేతులు కలవలేదు. ఎందుకంటే ఆ మాట దగ్గర నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ చింతపండు కుండకెత్తిన మనిషే. మంచం కింద సబ్బులు దాచిన మనిషి కూడా.

మాది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘం వల్ల బయటివాళ్లకు తెలిసిన ఊరు. మా ఇంట్లో మగ్గం ఉన్నన్నాళ్లూ మగ్గంలో కూర్చున్నవాడే నేతగాడు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిన మా అవ్వకూ అమ్మకూ ఏ పేరూ లేదు. వాళ్ల చేతుల పని తాతకూ నాన్నకూ వచ్చే కూలిలో కలిసిపోయేది. తర్వాత మగ్గం తీసేశారు, నాన్న ఒక బట్టల అంగట్లో గుమాస్తాగా చేరాడు. నెల మొదట్లో అమ్మ చేతికి సరుకుల డబ్బులు ఇచ్చేవాడు. మంచివాడే. తాగడు, కొట్టడు. కానీ ప్యాకెట్ తిప్పి ధర చదివే అలవాటు ఉన్న మనిషి.

ఆ అలవాటులోనే అమ్మ ఆదాయం ఉండేది. అదెలాగో చెప్పాలి.

మన దగ్గర ప్యాకెట్ల మీద అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర వేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని. తక్కువకు అమ్మకూడదని కాదు. అంగడివాడు పాత ఖాతాదారుకు రెండు రూపాయలు తగ్గిస్తాడు. పండగకు కొత్త సూపర్ మార్కెట్ తెరిస్తే పది రూపాయలు తగ్గిస్తుంది. నాన్న చదివేది ప్యాకెట్ మీది ధర. అమ్మ చెల్లించేది అంగట్లో ధర. ఈ రెంటి మధ్య ఉన్న తేడా అమ్మది. నూట ఇరవై రూపాయల కందిపప్పు ప్యాకెట్ నూట నాలుగుకు దొరికితే పదహారు రూపాయలు. మూడు సబ్బులకు ఒకటి ఉచితమైతే ఆ నాలుగో సబ్బు వెల మొత్తం. టీ పొడితో వచ్చిన గాజు గ్లాసును పక్కింటికి అమ్మితే ఇంకో ఐదు. అంగడి అంగడికీ తిరిగి, ధరలు కడుపులో పెట్టుకుని, నాలుగు వీధులు నడిచి ఆమె సంపాదించిన డబ్బు ఇది. మన భాషలో దీనికి ‘పోపుల డబ్బా డబ్బులు’ అని ముద్దుపేరు. ముద్దుగా పిలిస్తే కూలి అడగక్కర్లేదు కదా!

ఆ డబ్బుతో నాకు పుస్తకాలు కొనిచ్చిందని రాస్తే మీకు బాగుంటుంది. కొంత కొన్నది కూడా. కానీ ఎక్కువ భాగం తన వక్కాకుకు, మ్యాట్నీ సినిమాలకు, ఎవరినీ అడగకుండా పుట్టింటికి పోయే బస్సు చార్జీకి ఖర్చు పెట్టింది. ఇంకో భాగం డ్వాక్రా సంఘంలో పొదుపు. రోజుకో రూపాయి, నెలకు ముప్పై. ఆంధ్రప్రదేశ్ మహిళల పొదుపు ఉద్యమం గురించి ఎన్ని పరిశోధనా పత్రాలు వచ్చాయి! సంపాదన లేని ఇల్లాలికి ఆ రోజుకో రూపాయి ఎక్కడిది అని అడిగిన వాక్యం నేను చదివిన వాటిలో లేదు. మా ఇంట్లో మటుకు అది కందిపప్పు ప్యాకెట్‌లోంచి వచ్చింది.

మరి మంచం కింద సబ్బులు ఎందుకు? నాన్నకు జీతం ఆలస్యమైన నెలలు ఉండేవి. ఆ నెలల్లో ఇల్లు మంచం కింది సరుకు మీద నడిచేది. ఇల్లు తాత పేరు మీద, తర్వాత నాన్న పేరు మీద ఉంది. నగలు అక్క పెళ్లికి పోయాయి. అమ్మ నిర్ణయం మీద కదిలే ఆస్తి ఆ సబ్బులూ, నూనె ప్యాకెట్లూ, అగ్గిపెట్టెలూ మాత్రమే. అందులో కొంత నూనె ముక్కిపోయింది. గోధుమపిండికి పురుగు పట్టింది. నేను అమ్మను గెలిపించడానికి ఇది రాయడం లేదు. ఒకసారి తమ్ముడు ఆ మంచం కింద ఫోన్‌తో వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. కింద అందరం నవ్వు బొమ్మలు పెట్టాం. నేను మూడు పెట్టాను. సదస్సులో నవ్వినప్పుడు నాకు గుర్తుకు రావలసింది అదే. అమ్మ ఆ తర్వాత మంచానికి కింది దాకా దుప్పటి వేలాడదీసింది.

అంతకన్నా పెద్ద దెబ్బ మరోవైపు నుంచి వచ్చింది. పెద్ద సూపర్ మార్కెట్లలో కంప్యూటర్ బిల్లులు మొదలయ్యాయి. బిల్లు అడుగున ఒక గీత గీసి, ‘ఈ కొనుగోలులో మీకు ఆదా అయినది’ అని ఒక అంకె వేస్తారు. వాళ్ల దృష్టిలో అది ప్రకటన. మా ఇంట్లో అది పోలీసు రిపోర్టు అయింది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ‘ఏమే, రెండునూర్ల పన్నెండు మిగిలిందని కింద రాసినారు కదా, యాడికి పాయె?’ అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. అమ్మ లోపలికి వెళ్లి డబ్బులు తెచ్చి ఇచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఏ లెక్కలోనూ లేకుండా నడిచిన ఆమె ఆదాయం ఆ ఒక్క గీత కింద బయటపడిపోయింది.

తర్వాతి నెల నుంచి అమ్మ అంగడి మెట్లు దిగకముందే బిల్లు అడుగు భాగం చింపేయడం మొదలుపెట్టింది. ‘మిషన్లో కాగితం అయిపోయిందంట’ అనేది. ఆ అమెరికన్ గృహిణి అంగడికి పోకముందు కత్తెర పడుతుంది. మా అమ్మ అంగట్లోంచి వచ్చాక చింపేది.

టీవీ ఎక్స్‌ట్రీమ్ కూపనింగ్ మీద నా ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. ఆ కార్యక్రమానికి ఎన్ని డాలర్లు ఆదా అయ్యాయన్నదే ప్రాణం. అంకె పడిపోవడమే క్లైమాక్స్. ఆ ఆదా ఎవరి చేతికి వచ్చింది, దానితో ఏం చేసింది అని కెమెరా అడగదు. అమెరికాలో 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఎంతోమంది ఉద్యోగాలు పోయిన రోజులవి. ఇంట్లో ఒక జీతం పోతే దాన్ని తిండి ఖర్చులోంచి పూడ్చవలసిన పని ఎవరి మీద పడింది? పేపర్లు కత్తిరించి, వారం వారం పట్టికలు వేసి, ఏ దుకాణం ఏ రోజు కూపన్ విలువను రెట్టింపు చేస్తుందో గుర్తుపెట్టుకోవడం గంటల పని. దాన్ని ఉద్యోగంలా చేస్తున్నామని ఆ స్త్రీలలో కొందరు కెమెరా ముందే చెప్పారు. ఆ గంటలకు వెల కట్టి బిల్లులో కలిపితే అంకె అంత కిందికి పడేదా? కెమెరా కోసం కొన్ని దుకాణాలు తమ నియమాలను సడలించాయన్న విమర్శ కూడా అప్పట్లోనే వచ్చింది. టీవీ ఈ శ్రమను పందెంగా మార్చింది. అది చూసి మనం ఆ స్త్రీని పిచ్చిదన్నాం. కూపన్ అచ్చేసిన కంపెనీని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

కూపన్ కంపెనీల దానధర్మం కాదు. 1887లోనే కోకాకోలా ఉచిత గ్లాసుకు చీటీలు పంచి జనానికి రుచి మప్పింది. ఇంటికి వస్తువులు కొంటూనే ఉండటం గృహిణి అసలు పాత్రగా ఎలా తయారు చేశారో బెటీ ఫ్రీడన్ 1963లో ‘ఫెమినైన్ మిస్టిక్’లో ఒక అధ్యాయమంతా చెప్పింది. ఆ అధ్యాయాన్ని మనం క్లాసులో చెబుతాం. చెప్పి, సాయంత్రం ఆఫర్ క్యూలో నిలబడ్డ స్త్రీని చూసి పెదవి విరుస్తాం. ఫ్రీడన్ వేలు చూపింది అమ్మేవాళ్ల వైపు. మనం మెల్లగా దాన్ని కొనేవాళ్ల వైపు తిప్పేశాం.

మన దగ్గర మాటో? 1883లో వీరేశలింగం గారు స్త్రీల కోసమే ‘సతీహితబోధిని’ నడిపారు. 1928లో కేసరి గారు ‘గృహలక్ష్మి’ పెట్టారు. రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగిన పత్రిక అది, కాదనను. కానీ ఆ పేరే చూడండి. కేసరి గారు స్త్రీల కోసం ‘లోధ్ర’ మందు తయారుచేసి అమ్మినవారు కూడా. ఇల్లు దిద్దుకొమ్మనే పాఠమూ, ఇంటికి సరుకు అమ్మే పనీ మన దగ్గర కూడా మొదటినుంచీ ఒకే గడపలో ఉన్నాయి. ‘వివేకమైన పొదుపు’ అని మా అధ్యాపకురాలు మెచ్చుకున్న అమ్మ ఈ పాఠాల్లోంచి వచ్చిన అమ్మే. ఆమె ఎంత ఆదా చేసినా అది కుటుంబానిది. తనకు అని ఒక్క రూపాయి ఉంచుకుంటే దొంగతనం.

ఇక వివేకానికీ ఉన్మాదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆదోనిలో చూడాలి. మా అక్క అక్కడ రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కితే గంట దారి. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. ఒకప్పుడు రెండో బొంబాయి అన్న పేరు. అక్క వాళ్ల వీధిలో సగం మంది పత్తి పనికి పోయేవాళ్లు. ఇక్కడ పని అయిపోయాక చుట్టుపక్కల కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల జనంతో కలిసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు, సుగ్గికి పోతారు. ఈ స్త్రీల చేతికి కూలి రోజుకో, వారానికో వస్తుంది. వాళ్లు కొనేది పది రూపాయల నూనె, ఐదు రూపాయల పసుపు, చిన్న సబ్బు. కిలో లెక్కన చూస్తే ఆ వీధిలో పసుపుకు అందరికంటే ఎక్కువ ధర పెట్టేది వాళ్లే. మూడు కొంటే ఒకటి ఉచితం అన్న ఆఫర్ వాళ్లకు కాదు. మూడు కొనడానికి చేతిలో ముందుగా డబ్బుండాలి. దాచడానికి ఎలకలు పడని అల్మరా ఉండాలి. సుగ్గికి పోయేటప్పుడు ఆ సరుకును నెత్తిన మోసుకుపోలేరు. కాబట్టి కూపన్‌తో గరాజు నింపుకునే ఉన్మాదమూ, ఏడాది చింతపండు కుండకెత్తే వివేకమూ రెండూ కొంత ఉన్నవాళ్ల సంగతులే.

వాళ్లకు లెక్కలు రావని మాత్రం అనుకోవద్దు. షాంపూ దగ్గర చూడండి. మన దగ్గర చాలా షాంపూలు మిల్లీలీటరు లెక్కన సీసాలో కంటే సాచెట్లోనే చవక. ఇది నాకు పీహెచ్‌డీ అయ్యాక తెలిసింది. సాచెట్ల దండ కొంటున్న అక్కను, ‘పెద్ద సీసా తీసుకో, కలిసొస్తుంది’ అని నేను సలహా ఇస్తే పక్కింటామె నవ్వి, ఒక సాచెట్ నా చేతిలో పెట్టి చదవమన్నది. 2022 నుంచి ప్యాకెట్ల మీద గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని యూనిట్ ధర వేయాలన్నారు. మంచిదే. కానీ పది గ్రాములు, పది మిల్లీలీటర్లు, అంతకు తక్కువ ఉన్న ప్యాకెట్లకు ఆ నిబంధనలు వర్తించవు. పేదలు కొనేవి ఎక్కువగా అవే. ఆ లెక్క వాళ్లే వేసుకోవాలి. వేసుకుంటున్నారు.

ఈ వీధిలో ‘కూపను’ అంటే ఎవరికీ సూపర్ మార్కెట్ గుర్తు రాదు. రేషన్ గుర్తొస్తుంది. 2011లో రచ్చబండ సభలు పెట్టినప్పుడు కొత్త కార్డు చేతికి రానివాళ్లకు తాత్కాలిక కూపన్లు ఇచ్చారు. రచ్చబండ కూపన్లు అనే పేరు అట్లా నిలిచిపోయింది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి పటం వెనక దాచుకున్న ఇళ్లు నేను చూశాను. 2013 ఉగాదికి ‘అమ్మహస్తం’ వచ్చింది. కందిపప్పు, పామాయిలు, చింతపండు, కారం, పసుపు లాంటి తొమ్మిది సరుకులు 185 రూపాయలకు. పేరులోనే అమ్మను పెట్టారు, క్యూలో కూడా అమ్మనే పెట్టారు. నాసిరకం అని అప్పుడు గొడవలూ అయ్యాయి. అయినా ఈ కూపనుకూ ఆ కూపనుకూ తేడా నాకు ముఖ్యం. కంపెనీ కూపన్ నువ్వు ఎక్కువ కొంటే ఇచ్చే బహుమతి. రేషన్ కూపన్ నువ్వు కొనలేవు కాబట్టి నీకు రావలసిన హక్కు. మొదటిది కత్తిరించిన స్త్రీ టీవీలో మెరిసింది. రెండోది పట్టుకుని నిలబడ్డ స్త్రీ టీవీలో ఎప్పుడు కనిపించింది? తోపులాట జరిగినప్పుడు. 2015 తర్వాత డీలర్ల దగ్గర వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. పత్తి తీసి, మిరపకాయలు కోసి అరిగిన వేళ్లను ఆ యంత్రం గుర్తుపట్టక, పని మానుకుని మళ్లీ మర్నాడు రావలసిన గంటలను ఎవరి పొదుపులోంచి తీసేయాలి?

గంటల మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి పెడుతున్నట్టు తేలింది. ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఇంటికి సరుకులు కొనుక్కురావడం కూడా ఈ పద్దులోదే. నాలుగు అంగళ్లు తిరిగి ధర పోల్చుకోవడం, బేరమాడటం, నెలాఖరు దాకా పప్పును సాగదీయడం వీటిలో ఏ నిమిషాల కింద పడ్డాయో నాకైతే కనబడలేదు. మనసులో వేసే లెక్కకు గడియారం పెట్టడం కష్టం మరి.

సదస్సు మాటకు తిరిగి వస్తాను. మా అధ్యాపకురాలి మీద నాకు కోపం ఉందంటే అది నా మీద కోపమే. ప్రపంచీకరణ తర్వాతి తెలుగు కథ మీద నా సిద్ధాంత గ్రంథంలో వినియోగ సంస్కృతికి ఒక అధ్యాయం ఉంది. కథల్లోని స్త్రీలు మాల్స్‌లో ఎలా మాయలో పడ్డారో తెగ రాశాను. మొన్న తీసి చదివితే ఆ అధ్యాయం మొత్తంలో ఒక్క వస్తువు ధర కూడా లేదు. ఆ పాత్ర చేతిలో డబ్బు ఎవరిది, తిరిగి వెళ్లి ఎవరికి లెక్క చెప్పాలి అని ఒక్క చోటా అడగలేదు. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఆ కథను ఎన్నిసార్లు చెప్పాను! సరుకుల లెక్కలో మునిగిన స్త్రీని చూస్తే మాత్రం పేరు మర్చిపోయిన స్త్రీ అనిపించలేదు, ఆశపోతు అనిపించింది.

ఆఫర్ల వల్ల అక్కర్లేనివి కొంటున్నామా? కొంటున్నాం. నేనే కొంటున్నాను. నాకు జీతం ఉంది, నా బిల్లు ఎవరూ తిప్పి చదవరు. నా తప్పుకు నేను బాధ్యురాలిని. కానీ స్త్రీవాదులుగా ఒక స్త్రీ కొనుగోలును వివేకమనో, ఉన్మాదమనో తీర్పు చెప్పేముందు మనం అడగవలసిన మొదటి ప్రశ్న మిగిలిన రూపాయి ఎవరి చేతిలో ఉంటుంది అన్నది. సరుకు ఎంత కొన్నది, ఎంత దాచింది అన్నవి ఆ తర్వాత. ఈ ప్రశ్న అడిగితే మంచం కింద సబ్బులు ఒక రకంగా కనబడతాయి. అడక్కపోతే అవి జోకే.

ఇప్పుడు ఆ రూపాయికి కొత్త చిక్కు వచ్చింది. మా తమ్ముడు అమ్మ కష్టపడకూడదని సరుకుల డబ్బు ఫోన్‌తోనే కట్టేస్తున్నాడు. చీటీ రాసి పంపితే చాలు, సరుకు ఇంటికొస్తుంది. పైసాతో సహా లెక్క వాడి ఫోన్లో ఉంటుంది. మంచి కొడుకు అని వీధంతా అంటోంది. అమ్మ ఇప్పుడు అంగడికి పోవడం లేదు. వక్కాకుకు తమ్ముణ్ని అడుగుతోంది. పుట్టింటికి పోయి ఏడాదైంది.

పోయిన నెల ఆదోని పోయినప్పుడు అక్కతో కలిసి అంగడికి వెళ్లాను. సరుకు కట్టించాక డబ్బు నేనిస్తానని ఫోన్ తీశాను. అక్క నా చేయి పట్టుకుంది.

‘ఫోన్లో కట్టొద్దు మే. నాకు దుడ్లియ్యి, నేను కట్టుకుంటా.’